ఇంట్లో నాలుగో మనిషి

ఈ కథలోని పెద్దమనిషిని నేను చాలా దగ్గరగా ఎరుగుదును. అందుకే ఆయన్ని వెనకేసుకు రావాలని నాకేమీ లేదు. ఆయన విశ్వవిద్యాలయంలో మనుషులు మాట్లాడే తీరు మీద పరిశోధన చేస్తారు. ఎవరు ఎంతసేపు మాట్లాడతారు, ఎవరి మాటకు ఎవరు అడ్డు పడతారు, ఒకరు ముగించాక ఇంకొకరు అందుకునే లోపల ఎంత ఖాళీ ఉంటుంది, ఇవన్నీ మాటల్ని గుర్తుపట్టే యంత్రంతో కొలిపిస్తారు. ఆ ఖాళీ అంటే ఆయనకు మహా ఇష్టం. "ఎదుటి మనిషి మాట పూర్తయ్యాక మూడు సెకన్లు ఆగగలిగినవాడే సంస్కారి" అని ఏటా కొత్త విద్యార్థులకు గంటంపావు సేపు ఏకబిగిన చెబుతారు. మధ్యలో ఎవరినీ ప్రశ్న అడగనివ్వరు. విద్యార్థులు ఆయనకు మౌనం మాస్టారు అని పేరు పెట్టారు. అది గౌరవంతో పెట్టిందని ఆయన చాలా ఏళ్లు నమ్మారు.

ఆ సోమవారం ఉదయం మాస్టారి పథకం చాలా చిన్నది. శుక్రవారం అయిదుగురు సభ్యుల కమిటీ వచ్చి, పరిశోధనను ఇంకో రెండేళ్లు సాగనివ్వాలా, మూసెయ్యాలా అని తేలుస్తుంది. మూసేస్తే గది పోతుంది, యంత్రం పోతుంది, దాన్ని నడిపే పరిశోధక విద్యార్థిని చదువు మధ్యలో ఆగిపోతుంది, మాస్టారు మళ్లీ మొదటి సంవత్సరం వాళ్లకు రోజుకు మూడు క్లాసులు చెప్పుకోవాలి. పోయినసారి కమిటీ ఒకటే అడిగింది: "గదిలో కూర్చోబెట్టి మాట్లాడించిన మాటలు సరే, మామూలు ఇంట్లో మామూలు మాటలేవీ?" పన్నెండు కుటుంబాలను బతిమాలితే పన్నెండూ తలుపేసుకున్నాయి. ఇక మిగిలింది సొంత ఇల్లే.

భోజనాల బల్ల మీద, నీళ్ల జగ్గుకూ చెంచాల డబ్బాకూ మధ్య, సబ్బుపెట్టె అంత రికార్డరు పెట్టారు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. యంత్రం ఎవరి గొంతు ఎవరిదో గుర్తుపట్టాలంటే ముందుగా ఒక్కొక్కరూ ఒక పేజీ చదివి వినిపించాలి. ఆయన భార్య కళ్లద్దాల దుకాణంలో కంటి పరీక్షలు చేస్తుంది. ఆవిడ ఒక చేత్తో టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ రెండో చేత్తో కాగితం పట్టుకుని చదివేసింది. పదో తరగతి కూతురు జడ వేసుకుంటూ చదివేసింది. మాస్టారు మాత్రం గోరువెచ్చని నీళ్లు తాగి, గది తలుపేసుకుని, అద్దం ముందు నిలబడి, గొంతు సవరించుకుని, సదస్సుల్లో వాడే గొంతుతో చదివారు. నాభి దగ్గర పుట్టి, ఛాతీలో కాసేపు విశ్రాంతి తీసుకుని, అప్పుడు బయటికొచ్చే గొంతు అది.

"అమ్మా, రేడియోలో ఎవరో వార్తలు చదువుతున్నారు" అని అవతలి గదిలోంచి కూతురు అరిచింది.

ఆ మాట మాస్టారు చెవిన వేసుకోలేదు. వేసుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

యంత్రానికి ఇంకో నియమం ఉంది. రికార్డయిన గొంతుల్ని ఎవరూ వినకూడదు. యంత్రం తనలో తానే విని, లెక్కలు మాత్రం బయటికిచ్చి, గొంతుల్ని ఏరోజుకారోజు చెరిపేస్తుంది. మాటల్ని అక్షరాల్లో రాసి పెట్టుకుంటుంది గానీ ఎవరి మాటలు చూడాలన్నా వాళ్ల అనుమతే కావాలి. పరిశోధకుడైనా సరే, ఆ నియమం దాటడానికి వీల్లేదు. నియమం రాసింది మాస్టారే. దాని కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసిందీ ఆయనే.

మంగళవారం సాయంత్రం మొదటి లెక్క వచ్చింది. ఒకటో మనిషి, అంటే మాస్టారు, ఇంట్లో మొత్తం మాటల్లో నూటికి రెండు వంతులు మాట్లాడారు. ఇతరుల మాటకు అడ్డు పడటం: సున్నా. జవాబు చెప్పే ముందు ఆగిన సమయం: సగటున మూడు సెకన్లు. మాస్టారికి కళ్లు చెమర్చాయి. తను మంచి శ్రోతనని ఆయనకు ఎప్పుడూ నమ్మకమే గానీ, ఇంత మంచి శ్రోతనని అనుకోలేదు. ఆ రెండు వంతులూ సోమవారం సాయంత్రం కమిటీ అధ్యక్షురాలితో ఫోనులో వినయంగా మాట్లాడిన నాలుగు నిమిషాలేనన్న సంగతి ఆయనకు తట్టలేదు. అంత మంచి లెక్కను అనుమానించడానికి మనసెలా వస్తుంది?

తరువాత కింది వరుసలు చూశారు. భార్య పదిహేడు. కూతురు తొమ్మిది. ఆ కింద ఇంకో వరుస ఉంది: నాలుగో మనిషి, పురుషుడు, గొంతు నమోదు కాలేదు, డెబ్బై రెండు.

"ఇంట్లోకి ఎవరొస్తున్నారు?" అని మాస్టారు వంటగది గుమ్మంలో నిలబడి అడిగారు.

"ఎవరొస్తారండీ?"

"ఒక మగమనిషి. పొద్దున్న ఆరింటి నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం ఏడింటి నుంచి పడుకునే దాకా. ఒక్క రోజులో అరవై నాలుగుసార్లు నీ మాటకు అడ్డం పడ్డాడు. నువ్వు చెప్పడం పూర్తి కాకముందే అందుకుంటున్నాడు. నీకు కోపం రావడం లేదూ?"

ఆవిడ కాగితం తీసుకుని, అద్దాలు సర్దుకుని, ఒకటికి రెండుసార్లు చదివింది. పెదాలు బిగపట్టుకుని కాసేపు పొయ్యి వైపు తిరిగింది. మళ్లీ ఇటు తిరిగి, "ఏమండీ, ఆ గొంతు—" అంది.

"ఆగాగు. ఊహించి చెప్పకు. నాకు ఆధారం కావాలి."

"నాన్నా, ఆ టైములో నువ్వు కూడా ఇంట్లోనే—" అని కూతురు అందుకుంది.

"అదే నేననేది! నేను ఇంట్లో ఉండగానే వస్తున్నాడు. ఎంత ధైర్యం!"

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కూతురు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పుస్తకాల్లోకి వెళ్లిపోయింది.

నాలుగో మనిషి ఏం మాట్లాడాడో యంత్రంలో అక్షరం అక్షరం రాసి ఉంది. చూడాలంటే నాలుగో మనిషి అనుమతి కావాలి. అనుమతి అడగాలంటే వాడెవడో తెలియాలి. తెలియాలంటే వాడి మాటలు చూడాలి. మాస్టారు తాను రాసిన నియమాన్ని మొదటిసారి పళ్లు నూరుతూ చదువుకున్నారు.

మొదటి అనుమానం బావమరిది మీద పడింది. రెండు వీధుల అవతల అతనికి సైకిళ్లు బాగుచేసే షాపుంది. పొద్దున్నే వచ్చి పేపరు పట్టుకుపోవడం అలవాటు. మాస్టారు ఫోన్ చేసి నిలదీశారు.

"నేనా? పేపరు తీసుకుని పోతానంతే బావా. నీ ముందు మాట్లాడే సందు నాకెప్పుడు దొరికింది?"

"డొంకతిరుగుడు జవాబు" అని మాస్టారు నోటుపుస్తకంలో రాసుకున్నారు. "పరిశోధన అయ్యేదాకా నువ్వు మా గడప తొక్కొద్దు" అన్నారు. బావమరిదికి ఒళ్లు మండింది. ఎన్నాళ్ల నుంచో వీళ్లింట్లో ఉన్న తన నిచ్చెనను ఆ సాయంత్రమే భుజాన వేసుకుని, ఎవరితోనూ పలక్కుండా పట్టుకుపోయాడు.

బుధవారం నాలుగో మనిషి వాటా డెబ్బై మూడు. అయితే బావమరిది కాదన్నమాట. రేడియో అనుకుని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. పక్క ఫ్లాట్ల గొంతులేమోనని కిటికీలన్నీ మూయించారు. కిటికీలు మూసిన పూట ఆ వాటా ఒక్కసారిగా డెబ్బై ఎనిమిదికి ఎగబాకింది. మూసిన కిటికీల గురించీ, ఉక్కపోత గురించీ, ఇంట్లో ఎవరికీ శాస్త్రీయ దృక్పథం లేకపోవడం గురించీ ఆ పూట ఎవరు ఎక్కువ మాట్లాడారో నేను వేరే చెప్పక్కర్లేదు.

"ఏమండీ, ఒక్క నిమిషం వినండి. ఆ గొంతు—"

"తెలుసులే, నీకు భయంగా ఉంది. నేనున్నాను."

ఆవిడ ఉద్యోగం వినే ఉద్యోగం. "ఈ అద్దం బాగుందా, ఇది బాగుందా" అని అడిగి, ఎదుటివాళ్లు తేల్చుకునేదాకా ఎంతసేపైనా ఓపిగ్గా నిలబడుతుంది. అంత ఓపికా గురువారం పొద్దున్నకు అయిపోయింది. ఒక కాగితం మీద ఏదో రాసి, మాస్టారి సంచీ పై జేబులో, చెయ్యి పెడితే తగిలేటట్టు దోపింది. "సంచీలో కాగితం పెట్టాను, చూసుకోం—"

"చూస్తాలే, ఆలస్యమైపోతోంది."

లిఫ్టులో అపార్టుమెంటు సెక్రటరీ కలిశారు. రిటైరైన స్టేషన్ మాస్టరు. రైళ్లు లేక ఇప్పుడు అరవై ఫ్లాట్లనూ వేళకు నడుపుతున్నారు. మాస్టారు ఆయనకు సంగతంతా చెప్పారు. మూడో అంతస్తు దిగేలోపల సెక్రటరీ మొహం గంభీరంగా మారిపోయింది.

"మనిషి ఎలా ఉంటాడు మాస్టారూ?"

"కనపడలేదండీ. కానీ గొంతు లెక్కల్ని బట్టి మనిషిని గీసి చూపించగలను. అదే కదా మన శాస్త్రం!"

సంచీలో చెయ్యి పెడితే కాగితం తగిలింది. ఖాళీగా ఉన్న వైపు, గోడకు ఆనించి, లెక్కల్లో లేనివి ఊహతో నింపుతూ చకచకా రాసిచ్చారు. వయసు నలభై అయిదు, యాభై అయిదు మధ్య. ఎవర్నీ మాట పూర్తి చేయనివ్వడు. ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగడు. వస్తువులు కనపడకపోతే గొంతు పెరుగుతుంది. తనకు తెలియనిది లేదనే భావం. ఇంట్లో ఎవరూ తనను పట్టించుకోరని తరచు నిట్టూరుస్తాడు. ఇలాంటివాణ్ణి ఒక్క వాక్యంలోనే పసిగట్టవచ్చు, అని చివర రాశారు.

సెక్రటరీ ఆ కాగితం చదివి, ఒకసారి మాస్టారి వైపు చూసి, మళ్లీ చదివి, మళ్లీ చూశారు.

"ఏదో చెప్పబోయారు?"

"అబ్బే... అదే... ఈ పోలికలు—"

"చాలా స్పష్టంగా ఉన్నాయి కదూ? వెంటనే కింద నోటీసు బోర్డుకు పెట్టించండి." మాస్టారు ఆటో ఎక్కేశారు. సెక్రటరీ క్రమశిక్షణ గల మనిషి. చెప్పిన పని చేశారు. సాయంత్రానికి అపార్టుమెంటు వాళ్లంతా వంతులవారీగా మెట్ల దగ్గర కాపలా మొదలుపెట్టారు.

ఇంతటితో ఆగినా పరువు సగమే పోయేది. గురువారం మధ్యాహ్నం మాస్టారు కమిటీకి పంపిన నివేదికలో ఒక పేరా ప్రత్యేకంగా చేర్చారు: "ఈ నాలుగో వ్యక్తి మాటతీరు మా పరిశోధనలో ఇంతవరకూ నమోదైన వాటన్నిటిలోకీ హీనమైనది. ఇతను ఉన్న ఇంట్లో మిగతావాళ్లు క్రమంగా మాట్లాడటం మానేస్తారు. దీనికి పూర్తిగా భిన్నంగా, అదే ఇంట్లో ఉన్న ఒకటో వ్యక్తి శ్రోతగా ఆదర్శప్రాయుడు." ఆ పేరా రాశాక చాలాసేపు దాన్ని ముచ్చటగా చూసుకున్నారు. నాకు ఆ మధ్యాహ్నం ఇంకా గుర్తుంది. అంటే, ఆయన చెప్పగా విన్నాను.

శుక్రవారం పదకొండింటికి కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు నలభై ఏళ్లు గొంతు డాక్టరుగా చేసిన పెద్దావిడ. మాట తక్కువ. యంత్రం ముందు పరిశోధక విద్యార్థిని కూర్చుంది. గదిలో ఎవరు మాట్లాడితే వాళ్లెవరో గోడ మీది తెర మీద పడుతుంది. మాస్టారు నాభి నుంచి మొదలుపెట్టారు. తెర మీద "ఒకటో మనిషి" అని పచ్చటి అక్షరాలు వెలిగాయి. ఇరవై నిమిషాలు అద్భుతంగా సాగింది. "ఆ నాలుగో మనిషి దొరికితే గాజుపెట్టెలో పెట్టి విద్యార్థులకు చూపించాలి" అని మాస్టారంటే సభ్యులు నవ్వారు కూడా.

అప్పుడు ఫోను మోగింది. ఇంటి నంబరు. కట్ చేశారు. మళ్లీ మోగింది. కట్ చేశారు. మూడోసారి అధ్యక్షురాలే "తీయండి, పాపం ఏదైనా అవసరమేమో" అన్నారు.

"ఏమండీ, తమ్ముణ్ణి పట్టుకుని అసోసియేషన్ గదిలో కూర్చోబెట్టారు. నిచ్చెనతో వస్తుంటే నాలుగో మనిషి వీడేనని—"

"నిచ్చెనా? వాడు నిచ్చెనెందుకు తెచ్చాడు? ఎవరు తెమ్మన్నారు? నువ్వా? నన్నడక్కుండా ఎందుకు తెమ్మన్నావ్? బల్బు మార్చాలా? బల్బు ఇవాళే మార్చాలా? ఇవాళ నాకెంత ముఖ్యమో తెలుసా నీకు? పొద్దున్న బూడిద రంగు సాక్సులేవంటే ఒక్కరూ పలకరు! ఈ ఇంట్లో నన్ను పట్టించుకునేవాళ్లెవరు అసలు?"

"సార్..." అంది విద్యార్థిని.

"ఆగమ్మా!"

గదిలో ఎవరూ కదలడం లేదు. అందరూ తెర వైపు చూస్తున్నారు. మాస్టారు కూడా అటు తిరిగారు. తెర మీద ఎర్రటి అక్షరాలు వెలుగుతున్నాయి. నాలుగో మనిషి. అడ్డు పడటం: రెండు.

వాడు ఇక్కడికి కూడా వచ్చేశాడన్నదే మాస్టారికి మొదట వచ్చిన ఆలోచన. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన తలుపు వెనక వంగి చూశారు. తలుపు వెనక గొడుగు తప్ప ఏమీ లేదు. గొడుగును చూస్తూ వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. నిన్నటి పేరాలోని వాక్యాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. హీనమైనది. మిగతావాళ్లు క్రమంగా మాట్లాడటం మానేస్తారు. తల కొట్టేసినట్టయింది. దానికంటే, నాలుగు రోజులుగా పొయ్యి వైపు తిరిగి పెదాలు బిగపట్టుకున్న మనిషి గుర్తొచ్చి గుండెలో ఎక్కడో కలుక్కుమంది.

అధ్యక్షురాలు మూడు సెకన్లు ఆగారు. అంత పొడవైన మూడు సెకన్లు మాస్టారు తన పరిశోధనా జీవితంలో ఎన్నడూ కొలవలేదు.

"మీ ఇంట్లోవాళ్లెవరూ మీకు చెప్పలేదా?"

"లేదండీ" అన్నారు మాస్టారు నీరసంగా. "ఒక్కరూ చెప్పలేదు."

"చెప్పానండీ" అంది చేతిలోని ఫోను.

ఫోను పెట్టేయడం మరిచిపోయారు, కంగారులో స్పీకరు కూడా నొక్కేసినట్టున్నారు. విద్యార్థిని గొంతు సవరించుకుని, "సార్, నియమం ప్రకారం మేడమ్ అనుమతిస్తే మేడమ్ మాటలు చూడొచ్చు" అంది.

"నిక్షేపంగా చూడండి" అంది ఫోను.

తెర నిండా వరుసగా ఇరవై మూడు వాక్యాలు వచ్చాయి. ఏమండీ, ఆ గొంతు. ఏమండీ, ఆ గొంతు. ఒక్క నిమిషం వినండి, ఆ గొంతు. ఏ ఒక్కటీ అంతకు మించి ముందుకు పోలేదు. గురువారం నాటి ఒకదాంట్లో మాత్రం "ఆ గొంతు మీ" వరకూ వచ్చి ఆగింది. ప్రతి వాక్యం కింద ఖాళీగా ఒక గడి, అందులో ఒక గమనిక: ఈ మాటలు చూడాలంటే నాలుగో మనిషి అనుమతి కావాలి.

"ఇస్తారా?" అన్నారు అధ్యక్షురాలు.

నాలుగో మనిషి తలూపాడు. గడులన్నీ నిండాయి. ఆగాగు. నువ్వుండు. తెలుసులే. ముందు నేను చెప్పేది విను. నేనున్నాను. ఆగాగు. ఆగాగు.

మాస్టారిని బయట కూర్చోమన్నారు. ఇరవై నిమిషాలు ఆ వరండాలో బెంచీ మీద కూర్చుని ఆయన మొదటి సంవత్సరం పాఠాలు గుర్తుచేసుకున్నారు. రోజుకు మూడు క్లాసులు. ఆ అమ్మాయికి ఏం చెప్పాలి? తన గొప్పకు పోయి ఆ పిల్ల చదువు ముంచానే అని నిజంగా బాధపడ్డారు. అప్పుడు లోపలికి పిలిచారు.

"పరిశోధన రెండేళ్లు పొడిగిస్తున్నాం" అన్నారు అధ్యక్షురాలు. "నలభై ఏళ్లు గొంతులు చూశాను. ఒకే మనిషిలో రెండు గొంతులుంటాయని అందరికీ తెలుసు. రెండోది ఎవరిదో ఆ మనిషికే తెలియదని అంకెలతో రుజువు చేసింది మాత్రం మీ యంత్రమే. మామూలు ఇంట్లో మామూలు మాటలు అడిగాం, ఇంతకంటే మామూలు ఇల్లు దొరకదు."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "నేను వెంటనే రెండో దశ—"

"ఇంకా పూర్తి కాలేదు. ఇకమీదట పరిశోధన నడిపేది ఈ అమ్మాయి. మీరు కూడా ఉంటారు. నమూనాగా. ఆ పేరా చాలా బాగా రాశారు, ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. గాజుపెట్టె మాత్రం వద్దులెండి."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బావమరిదిని వదిలేశారు. నిచ్చెన అడుగు మెట్టు మీద కూర్చుని సెక్రటరీతో టీ తాగుతున్నాడు. "బావా, నాకు వయసు ముప్పై ఆరేనని చెప్పినా వినలేదు వీళ్లు" అన్నాడు. మాస్టారు ఏదో అనబోయి, ఆగి, క్షమించమన్నారు. బావమరిది చేతిలో టీ ఒలికిపోయింది.

"నేను నిన్ననే అనుకున్నాను మాస్టారూ" అన్నారు సెక్రటరీ. "చెప్పబోయాను కూడా."

మాస్టారు బోర్డు మీది కాగితం పిన్ను తీసి మడవబోయారు. వెనక వైపు గుండ్రటి అక్షరాలు కనిపించాయి. "ఆ నాలుగో మనిషి మీరే. ఆధారం కావాలన్నారుగా, ఇరవై ఏళ్లుగా వింటున్నాను." కింద భార్య సంతకం. అపార్టుమెంటు అంతా ఒకవైపు చదువుతుంటే, రెండో వైపు రెండు రోజులుగా బోర్డుకు చెప్పుకుంటోంది.

భోజనాల బల్ల దగ్గర మాస్టారు భార్యకు ఎదురుగా కూర్చున్నారు. రికార్డరు నీళ్ల జగ్గు పక్కనే ఉంది. ఇప్పుడది విద్యార్థిని ఆజ్ఞ ప్రకారం ఉంది. బూడిద రంగు సాక్సులు కుర్చీ మీదే ఉన్నాయి, బహుశా సోమవారం నుంచీ.

"చెప్పు" అన్నారు మాస్టారు. "ఇవాళ నేను ఒక్క మాట కూడా మాట్లాడను. నువ్వు ముగించాక మూడు సెకన్లు ఆగుతాను."

"నిజంగానా?"

మాస్టారు నోటి మీద వేలు వేసుకున్నారు. కూతురు ఇయర్‌ఫోన్లు తీసేసి వచ్చి కూర్చుంది. ఆవిడ ఇరవై ఏళ్లవి ఒక వరుసలో పెట్టుకోవడానికన్నట్టు కాసేపు ఆలోచించి, మొదలుపెట్టింది.

చివరిదాకా చెప్పిందని యంత్రం లెక్కలో ఉంది. ఏం చెప్పిందని మాత్రం నన్నడక్కండి, ఆవిడ ఎప్పుడు ముగిస్తుందా, మూడు సెకన్లు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలా అని చూసుకోవడంలో ఉండిపోయాను.